వీణతో మొదలుపెట్టి

కిందటి అక్టోబరులో, సిరిమానోత్సవానికి రెండు రోజుల ముందు, శ్రీకాకుళం నుంచి మా మేనల్లుడు విజయనగరం వచ్చాడు. విజయదశమి వెళ్ళిన తరువాతి మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను ఊరేగుతుంది కనుక, ఆ వారం మా ఇంట్లో చుట్టాలు లేని గది ఉండదు. ఆ ఆదివారం మాత్రం తెల్లవారినది మొదలు ముసురు పట్టి, గుమ్మం దాటే వీలు లేకపోయింది. ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదువుతున్న కుర్రవాడు పెద్దల కబుర్లు ఎంతసేపని వింటాడు? వాళ్ళమ్మ పంపిన పలాస జీడిపప్పు పొట్లం ఒళ్ళో పెట్టుకుని, ఫోను పట్టుకుని నా పక్కన చేరి, "ఏదో ఒక వస్తువు పేరు చెప్పు మావయ్యా, అక్కడి నుంచి నిన్ను తత్వశాస్త్రం దగ్గరికి తీసుకుపోతాను" అన్నాడు.

ఎదురుగా టీవీ బల్ల మీద, బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసకర్రతో చేసిన చిన్న బహుమతి వీణ గాజుపెట్టెలో ఉంది. ఎప్పుడో ఒక సభలో నాకు ఇచ్చినది. దాని తీగ ఒకటి ఊడిపోయి బిరడాకు చుట్టుకుని ఉంటే, సరిచేయాలని ఏళ్ళ తరబడి అనుకుంటూనే ఉన్నాను. "వీణ" అన్నాను.

ఆట తెలియని వారి కోసం దాని నియమాలు చెబుతాను. ఆంగ్ల వికీపీడియాలో ఏ వ్యాసాన్నైనా తెరిచి, అసలు పాఠంలో మొట్టమొదట కనిపించే లంకెను నొక్కాలి. తెరుచుకున్న కొత్త వ్యాసంలోనూ అదే పని చేయాలి. కుండలీకరణాలలో ఉన్న లంకెలను, వాలు అక్షరాలలో ఉన్నవాటిని వదిలివేయాలి. ఎందుకంటే ఆ పేజీలలో కుండలీకరణాల మధ్య ఎక్కువగా ఉచ్చారణో, ఆ మాట ఏ గ్రీకు నుంచో లాటిన్ నుంచో వచ్చిందనే వివరమో ఉంటుంది, వాటిని పట్టుకుంటే ప్రతి దారీ భాషల పేజీలలోకి మళ్ళిపోతుంది. ఈ నియమాలతో నడుచుకుంటూ పోతే, మొదలుపెట్టినది గోంగూర అయినా గోల్కొండ కోట అయినా, చివరికి తత్వశాస్త్రం వ్యాసం ఎదురవుతుందని చెబుతారు. వికీపీడియా వాడేవారిలో కొందరు 2008 నాటికే ఈ సంగతి గమనించారు. 2011 మేలో ఇంటర్నెట్‌లో వచ్చే ఒక ప్రసిద్ధ వ్యంగ్యచిత్రంలో దీని ప్రస్తావన రావడంతో లోకానికంతటికీ తెలిసింది. 2016 ఫిబ్రవరి నాటి లెక్క ప్రకారం ఆంగ్ల వికీపీడియా వ్యాసాలలో 97 శాతం ఈ దారినే తత్వశాస్త్రానికి చేరాయి.

కుర్రవాడు నొక్కుతూ పోయాడు, నేను పాత క్యాలెండరు కాగితం వెనక ఒక్కొక్క మెట్టూ రాస్తూ పోయాను. వీణ నుంచి తంత్రీవాద్యానికి, దాని నుంచి సంగీతవాద్యానికి, ఆ తరువాత చేతితో పట్టుకోదగిన వస్తువుల లోకం విడిచి, శాస్త్రం, జ్ఞానం వంటి మాటలలోకి దారి ఎక్కింది. ఇరవై మెట్లు నిండకుండానే వాడు చెప్పిన చోటికి తీసుకుపోయాడు. జీడిపప్పుతో ఒకసారి, మా ఊరి పేరుతో ఒకసారి మొదలుపెట్టాం. రెండుసార్లూ కింది మెట్లు వేరు, పై మెట్లు అవే. మూడు వరుసలలోనూ చివరి ఏడెనిమిది మాటలు ఒకేలా ఉండటం చూసి, నేను రాయడం మానేసి బాణం గుర్తు గీశాను.

నేను లెక్కలు చెప్పుకుని బతికిన మనిషిని కనుక నా మొదటి అనుమానం లెక్కల వైపు నుంచే వచ్చింది. ప్రతి వ్యాసంలోకి రావడానికి ఎన్ని దారులైనా ఉండవచ్చు గాని, ఈ నియమం పెట్టుకున్న తరువాత బయటికి పోవడానికి ఒక్కటే దారి ఉంటుంది. వ్యాసాలు లక్షలలో ఉన్నా వాటి సంఖ్యకు ఒక హద్దు ఉంది. అందువల్ల నడిచేవాడు లంకెలు లేని పేజీ దగ్గర ఆగిపోకపోతే, ఎప్పుడో ఒకప్పుడు తాను ముందే చూసిన పేజీకి తిరిగి రాక తప్పదు, వచ్చాక అదే చుట్టులో తిరగకా తప్పదు. ఇందులో తత్వమేమీ లేదు. మహారాష్ట్రలోని దేవ్‌లాలీలో బడిపంతులుగా పనిచేసిన కాప్రేకర్ 1949లో కనిపెట్టిన 6174 కథ ఇటువంటిదే. అంకెలన్నీ ఒకటే కాకుండా ఉన్న ఏ నాలుగంకెల సంఖ్యనైనా తీసుకుని, ఆ అంకెలను పెద్దవి ముందుగా ఒకసారి, చిన్నవి ముందుగా ఒకసారి పేర్చి, పెద్ద సంఖ్యలో నుంచి చిన్న సంఖ్యను తీసివేస్తూ పోతే, ఏడు అడుగులు మించకుండా 6174 దగ్గరికి వచ్చి అక్కడే ఉండిపోతాం. కుర్రవాడు 2018 తీసుకున్నాడు: 8210లో నుంచి 128 పోతే 8082, 8820లో నుంచి 288 పోతే 8532, 8532లో నుంచి 2358 పోతే 6174. "అయితే అన్నీ ఒకచోటికి రావడంలో వింత లేదన్నమాట" అని వాడు కొంచెం నిరుత్సాహపడ్డాడు.

వింత ఎంత ఉందో, ఎంత లేదో విడదీసి చూడవచ్చు. అర్థంతో పని లేకుండా ప్రతి పేజీకీ ఒక చీటీ తీసి, చీటీలో ఏ పేజీ వస్తే ఆ పేజీకే లంకె కట్టామనుకుందాం. అలా కట్టినా, పేజీలలో సగటున దాదాపు 76 శాతం ఒకే పెద్ద గుంపులో పడి ఒకే చుట్టు వైపు పోతాయని గణితం చెబుతుంది. కనుక 97 శాతంలో మూడు వంతుల పైచిలుకు మనకు ఉచితంగా వచ్చినదే. అయితే ఆ చీట్ల ప్రపంచంలో దారి చాలా పొడవుగా ఉంటుంది. అమెరికాలోని వెర్మాంట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ఆంగ్ల వికీపీడియాలోని 47 లక్షల వ్యాసాలనూ ఈ మొదటి లంకె పద్ధతిలో కలిపి చూశారు. అన్ని పేజీలకు చీట్లు వేస్తే, చుట్టులో పడే ముందు నడవవలసిన దూరం సగటున 1300 అడుగులు దాటుతుంది. నేను మాత్రం ఆ రోజు, ఆ తరువాతా ఆడిన ఆటలలో ముప్పై దాటిన దారిని చూడలేదు. వేయి అడుగుల దారిని పాతికకు కుదించినది చీటీ కాదు, భాష. ఆ పరిశోధకులు చూసినదీ ఇదే: మొదటి లంకెలు ప్రత్యేకమైన విషయాల నుంచి సాధారణమైన విషయాల వైపు పారుతున్నాయి, మరే వ్యాసం మీదుగానూ వెళ్ళనన్ని దారులు తత్వశాస్త్రం మీదుగా వెళ్తున్నాయి, ఆ తేడా కూడా వంద రెట్ల స్థాయిలో ఉంది.

ఒక మాట ఇక్కడే చెప్పుకోవాలి. తత్వశాస్త్రం వ్యాసానికీ ఒక మొదటి లంకె ఉంది, దాన్ని నొక్కితే మనం అక్కడి నుంచీ కదలిపోయి కొన్ని పేజీలు తిరిగి మళ్ళీ అక్కడికే వస్తాం. అంటే మనం చేరుతున్నది ఒక గమ్యానికి కాదు, ఒక చుట్టుకు. ఆ చుట్టులో ఉన్న మరో పేజీ పేరు చెప్పి అన్ని దారులూ దాని దగ్గరికే వెళ్తాయన్నా లెక్క తప్పదు. తత్వశాస్త్రం అనే పేరుకు గాంభీర్యం ఎక్కువ కనుక ఆటకు ఆ పేరు నిలిచింది. పైగా చుట్టు దగ్గరలోని ఏ ఒక్క పేజీలోనైనా ఎవరో మొదటి వాక్యాన్ని తిరగరాస్తే లక్షల దారులు ఒక్కసారిగా మరోవైపు మళ్ళుతాయి. ఈ ఆట కోసమే అటువంటి మార్పులు చేసేవారూ ఉన్నారు, అది నాకు కుదురైన పనిగా అనిపించదు.

మరి దారులు పైకే ఎందుకు ఎక్కుతాయి? వ్యాసం మొదటి వాక్యం సాధ్యమైనంతవరకు విషయాన్ని నిర్వచించాలని వికీపీడియా రచయితలు పాటించే పద్ధతి ఒకటి ఉంది. నిర్వచించడమంటే ఆ వస్తువు ఏ జాతికి చెందుతుందో చెప్పి, ఆ జాతిలో తక్కినవాటి నుంచి దాన్ని వేరు చేసే గుర్తు చెప్పడం. గ్రీకు దేశంలో అరిస్టాటిల్ నాటి నుంచీ ఉన్న పద్ధతి ఇది. ఇంగ్లీషు వాక్యంలో కర్త, క్రియ కాగానే జాతి పేరు వస్తుంది, వేరు చేసే గుర్తులన్నీ దాని వెనక బారులు తీరుతాయి. అందువల్ల మొదటి లంకె చాలాసార్లు జాతి పేరే అవుతుంది. దాని మీద నొక్కడమంటే ఒక మెట్టు ఎక్కి అంతకంటే పెద్ద జాతిలోకి వెళ్ళడం. అలా ఎక్కగా ఎక్కగా, ఇంకే జాతిలోనూ చేర్చలేని మాటలు మిగులుతాయి. వాటి గురించి మాట్లాడే శాస్త్రాన్నే తత్వశాస్త్రమంటున్నాం.

ఇక్కడి దాకా తెలిసిన సంగతే. నాకు అసలు ఆసక్తి కలిగింది, "మన తెలుగులో ఆడితే?" అని కుర్రవాడు అడిగినప్పుడు.

తెలుగు వికీపీడియాలో మన పల్లెల వ్యాసాలు వేల సంఖ్యలో ఉన్నాయి. వాటి మొదటి వాక్యం దాదాపు ఒకే అచ్చులో పోసినట్లు ఉంటుంది: ఫలానా ఊరు, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, శ్రీకాకుళం జిల్లా, ఫలానా మండలం లోని గ్రామం. ఈ వాక్యంలో జాతి పేరు గ్రామం. అది చిట్టచివర ఉంది. దానికి ముందు రాష్ట్రం, జిల్లా, మండలం వరుసగా నిలబడి ఉన్నాయి. మొదటి లంకె పట్టుకున్నవాడు గ్రామం అంటే ఏమిటో తెలుసుకునే వైపు పోడు, రాష్ట్రంలోకి పోతాడు. రాష్ట్రం నుంచి దేశంలోకి, దేశం నుంచి ఖండంలోకి, ఖండం నుంచి భూమి మీదికి పోయేలాగే మన వాక్యాలు సహజంగా అమరుతాయి. భూమిని గురించి రాసినా, సౌరకుటుంబంలోని గ్రహం అని కుటుంబాన్ని ముందు చెప్పి, గ్రహాన్ని చివర చెబుతాం. ఇంగ్లీషు ఆటగాడు నిచ్చెన ఎక్కుతుంటే, తెలుగు ఆటగాడు పటాన్ని పెద్దది చేసుకుంటూ పోతుంటాడు.

తెలుగు వ్యాసాలు రాసేవారి లోపం కాదిది. విశేషణం ముందు, విశేష్యం వెనక ఉండటం మన భాష స్వభావం. మనం ఎంత పొడవైన వాక్యం రాసినా దాని బరువంతా చివరి మాట మీద ఆగుతుంది. తమిళం, జపనీస్, తుర్కీ భాషలదీ ఇదే తీరు. ఇంగ్లీషులో పుట్టిన నియమాన్ని యథాతథంగా తెచ్చి మన వాక్యం మీద పెడితే, అది జాతిని వదిలి చిరునామాను పట్టుకుంటుంది. కనుక తెలుగులో ఆడదలచుకుంటే నియమాన్ని తిరగేసి, మొదటి వాక్యంలోని చివరి నామవాచకాన్ని పట్టుకోవాలని నేను ప్రతిపాదించాను. అది సరిపోతుందో లేదో చూద్దామనుకునేలోగా కరెంటు పోయింది. కాసేపటికి సిగ్నలూ పోయింది.

ఆ రెండూ పోవడమే మేలయింది. ఛార్జింగు లైటు వెలుగులో, క్యాలెండరు కాగితం మిగిలిన సగంలో, వికీపీడియాతో పని లేకుండా మేమే వాక్యాలు రాసుకుని ఆడాం. వీణ, కర్ణాటక సంగీతంలో వాయించే తంత్రీవాద్యం. తంత్రీవాద్యం, బిగించిన తీగల కదలిక వల్ల నాదం పుట్టించే వాద్యం. వాద్యం, సంగీతం పలికించడానికి మనిషి చేసుకున్న సాధనం. సాధనం దగ్గర ఇద్దరమూ ఆగి, దాన్ని తరువాత చూద్దామని పక్కన పెట్టి జీడిపప్పుకు వెళ్ళాం. జీడిపప్పు, జీడిపండు అడుగున వేలాడే పిక్కలో ఉండే తినదగిన గింజ. గింజ, మొక్క తన సంతతిని నిలుపుకునే భాగం. భాగం అంటే? "మొత్తంలో కొంత" అన్నాడు కుర్రవాడు. మొత్తం అంటే? "భాగాలన్నీ కలిస్తే వచ్చేది" అని, వెంటనే నాలిక కరుచుకున్నాడు.

మా పక్కింటి పెద్దాయన ఆ సమయానికే అగ్గిపెట్టె కోసం వచ్చారు. ఆయన మా ఊళ్ళో 1860లో స్థాపించిన సంస్కృత కళాశాలలో చదువుకున్నవారు. కాగితం కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదివి, "ఇది అన్యోన్యాశ్రయం బాబూ" అన్నారు. రెండు మాటలు ఒకదాని మీద ఒకటి ఆనుకుని నిలబడటం అన్యోన్యాశ్రయం. ఒకే మాట తన మీద తానే ఆనుకుంటే ఆత్మాశ్రయం. మూడో అంతకంటే ఎక్కువో కలిసి గుండ్రంగా తిరిగితే చక్రకం. ఎక్కడా ఆగకుండా వెనక్కు పోతూనే ఉంటే అనవస్థ. తర్కంలో ఇవన్నీ దోషాలే. వికీపీడియా లంకెలు ఎన్ని రకాలుగా ముగియగలవని నేను పొద్దుటి నుంచీ లెక్కలు వేస్తున్నానో, అన్ని రకాలకూ మన తార్కికులు ముందే పేర్లు పెట్టి ఉంచారు. చక్రకానికి ఒక ఉదాహరణ ఆయన ఎదుటే దొరికింది: కాలాన్ని మార్పుతో చెప్పాం, మార్పు అంటే ఒక స్థితి పోయి మరో స్థితి రావడం అన్నాం, స్థితి అంటే ఒకానొక కాలంలో ఉన్న తీరు అన్నాం.

మెట్లు ఎక్కడాన్ని గురించి కూడా ఆయన దగ్గర మాట ఉంది. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహాన్ని వల్లె వేయకుండా ఆయన తరంలో ఎవరూ తర్కంలోకి అడుగుపెట్టలేదట. అందులో సామాన్యం, అంటే ఒక జాతి వాటన్నింటిలో ఉమ్మడిగా ఉండే ధర్మం, రెండు విధాలు: ఎక్కువ విశాలమైనది పరం, తక్కువ విశాలమైనది అపరం. కుండలన్నింటిలో ఉండేది ఘటత్వం, దానికంటే విశాలమైనది పృథివీత్వం, అంటే మట్టితనం, దానికంటే విశాలమైనది ద్రవ్యత్వం, అన్నింటికంటే పైన ఉన్నది సత్త, అంటే ఉనికి. "మీ ఫోను ఎక్కేది ఈ నిచ్చెనే కదా మాస్టారూ" అన్నారాయన. కావచ్చును గాని, తేడా ఒకటి నాకు కనిపించింది. తార్కికుల నిచ్చెనకు సత్త దగ్గర పైమెట్టు ఉంది. వికీపీడియా నిచ్చెనకు పైమెట్టు లేదు, పైన వంగి మళ్ళీ తనలోకే వస్తుంది. ఆయన ఈ మాటకు ఒప్పుకోలేదు. పైమెట్టు లేని నిచ్చెనను నిచ్చెన అనకూడదన్నారు.

పనిలో పనిగా పదార్థం అనే మాట కూడా చర్చకు వచ్చింది. పాఠశాల భౌతికశాస్త్రంలో పదార్థం అంటే ద్రవ్యరాశి ఉండి చోటు ఆక్రమించేది. పెళ్ళి విస్తరిలో పదార్థం అంటే వడ్డించినది. తర్కంలో పదార్థం అంటే మాటకు అర్థమైనది, మాటతో చెప్పదగినది ఏదైనా పదార్థమే. అందుకే వాళ్ళు ఏడు పదార్థాలలో చివరిదిగా అభావాన్ని, అంటే లేకపోవడాన్ని కూడా చేర్చారు. ఇంగ్లీషువాడికి మూడు వేర్వేరు పేజీలు కావలసినచోట మనకు ఒకే మాట సరిపోతుంది. వస్తువు, పదార్థం అనుకుంటూ వెళ్ళే తెలుగు ఆటగాడు విస్తరి ముందు కూర్చునే తత్వశాస్త్రంలో పడగలడు.

పెద్దాయనకు టీ ఇచ్చి, మేము పక్కన పెట్టిన సాధనం ముందు పెట్టాం. "పని నెరవేర్చుకోవడానికి ఉపయోగపడే వస్తువు" అని కుర్రవాడు రాసి ఉన్నాడు. ఆయన అది చూసి, జపం చేసేవాడికి మంత్రం సాధనమే కదా, మంత్రం వస్తువా అని అడిగారు. వీణ సాధనమని చెప్పుకోవడానికి సరిపోయిన నిర్వచనం గాయకుడి గొంతు దగ్గరే తడబడింది. లక్ష్యంలో, అంటే నిర్వచించదలచిన వాటిలో, కొంత భాగాన్ని వదిలేసింది కనుక అది అవ్యాప్తి. పోనీ వస్తువు తీసేసి "ఉపయోగపడేది ఏదైనా" అని రాస్తే, పాట కచేరీకి వచ్చి ఊరికే కూర్చున్న శ్రోత కూడా, అతడి చప్పట్లు కూడా సాధనాలవుతాయి. అక్కరలేని దాన్ని కూడా కలుపుకుంది కనుక అది అతివ్యాప్తి. పైగా ఏదైనా అనే మాట మీద లంకె పెట్టడానికి ఏ పేజీ ఉంటుంది? చివరి నామవాచకమే లేకుండాపోయింది.

పావుగంట కొట్టుకున్నాక ఆయన తర్కసంగ్రహంలోని వాక్యమే చెప్పారు: "అసాధారణం కారణం కరణమ్." ఒక పనికి ఉన్న అనేక కారణాలలో దానికి ప్రత్యేకమైనది కరణం, మనం సాధనమంటున్నది అదే. కుర్రవాడు తన వాక్యం కొట్టివేసి, దాని పక్కన సాధనం, ఒక పని నెరవేరడానికి ప్రత్యేకంగా తోడ్పడే కారణం అని రాశాడు. వీణ నుంచి లెక్కపెడితే ఇది నాలుగో మెట్టు. ఇంగ్లీషులో ఇరవైకి దగ్గరపడిన దారి, చివరి మాట పట్టుకున్న తెలుగులో నాలుగు వాక్యాలకే తత్వశాస్త్రం గుమ్మంలోకి వచ్చింది. నియమం నెగ్గిందని నేను సంతోషిస్తుంటే, వాడు కాగితం అడుగున మిగిలిన రెండు వేళ్ళ జాగాలో కారణం అని మళ్ళీ రాసి, పక్కన గీత గీసి, "కారణమంటే ఏటి తాతా?" అని అడిగాడు.

"కార్యానికి ముందు తప్పకుండా ఉండేది" అన్నారు పెద్దాయన. తప్పకుండా అన్న ఆ ఒక్క మాటను పట్టుకుని తమ గురువుగారు ఒక వర్షాకాలమంతా పాఠం చెప్పారట. వాడు ఆ రెండు వేళ్ళ జాగా వైపు చూసి, గోడకు వేలాడుతున్న క్యాలెండరు వైపు చూశాడు. అక్టోబరు కాగితం చింపడానికి ఇంకా చాలా రోజులున్నాయి.